కాటకాసురుడు మెల్లగా ఎందుకు చస్తాడు

పోయిన నెల మా చెల్లెలి మనవడు సూర్యాపేట వచ్చి మా ఇంట్లో దిగాడు. సినిమాలు చూసి, వాటిలో తప్పులు పట్టి, సెల్‌ఫోన్‌లో తన మొహం తానే చూసుకుంటూ ఆ తప్పులు చెప్పడం వాడి ఉద్యోగం. దాన్ని ఉద్యోగమంటారని వాడు చెప్పేదాకా నాకు తెలియదు. వేలమంది వింటారట. వినేవాళ్ళకు ఇంకేం పనుందో అది మాత్రం చెప్పలేదు. అన్నం తింటూ, కొత్తగా వచ్చిన ఒక సినిమాలో విలన్‌ని చీల్చి చెండాడాడు. గుండెలో తూటా దిగాక కూడా ఆ విలన్ తాపీగా మాట్లాడుతూనే ఉన్నాడట. "లాజిక్కే లేదు అమ్మమ్మా, సచ్చేటోడు గంతసేపు మాట్లాడ్తడా?" అని నన్నే అడిగాడు. మనిషి చావడం ఎప్పుడైనా దగ్గరుండి చూశావా నాయనా అన్నాను. లేదన్నాడు. మరి చచ్చేవాడు ఎంతసేపు మాట్లాడతాడో నీకెవరు చెప్పారన్నాను. వాడు నవ్వి పెరుగు వేసుకున్నాడు. నేను మాత్రం కంచం ముందు నుంచి లేచిపోయాను.

ముసలిదానికి ఎవరో సినిమా విలన్ మీద ఇంత మమకారమేమిటని మా కోడలు ముక్కున వేలేసుకుంది. ఆ సినిమా నేను చూడలేదు, చూడబోను కూడా. నా కోపం సినిమా గురించి కాదు. కోడిగుడ్డుకు ఈకలు పీకే జాతి ఒకటి ప్రతి తరంలోనూ పుడుతుంది. వాళ్ళకు కూట్లో రాయి కనపడదు గాని ఏట్లో రాళ్ళన్నీ లెక్కకు వస్తాయి. ఆ జాతివాణ్ణి నేను మొట్టమొదట చూసింది నా చిన్నతనంలో. తెల్ల పంచె కట్టుకుని, చంకలో గొడుగు పెట్టుకుని, కోదాడ బస్సులోంచి దిగాడు. వాడు వేలెత్తి చూపిన రాక్షసుడి తరఫున మాట్లాడినవాళ్ళు ఆనాడు మా ఊళ్ళో ఒక్కరూ లేరు. అందరికీ చదువుకున్నవాడంటే భయం. ఇన్నేళ్ళకు ఆ వకాల్తా నేను పుచ్చుకుంటున్నాను. ఆ రాక్షసుడు మా పెద్దనాయన.

మా పెద్దనాయన పేరు లింగయ్య. సూర్యాపేట బజారులో మా ఇంటి అరుగే ఆయన దుకాణం. పొద్దున్నే పెద్దమ్మ అరుగు అలికి ముగ్గు పెట్టేది. అది ఆరకముందే ఆయన కుట్టుమిషను కింద గోనెపట్టా పరుచుకుని కూర్చునేవాడు. బొగ్గుల ఇస్త్రీపెట్టె వేడెక్కుతుంటే వచ్చే వాసన, కొత్త గుడ్డలోని గంజి వాసన, మిషనుకు పోసే నూనె వాసన, ఈ మూడూ కలిస్తే మా ఇల్లు. పెదాల మధ్య గుండుసూదులు పట్టుకుని ఉంటాడు కాబట్టి ఎవరేమడిగినా తల ఊపడమే ఆయన జవాబు. సూదులు లేనప్పుడు కూడా తలే ఊపేవాడు. అలవాటైపోయింది. పెద్దమ్మ పెంచే పుంజు ఒకటుండేది. అది అరుగెక్కితే ఈయన మిషను వదిలేసి కాళ్ళు పైకి పెట్టుకునేవాడు. లోకాన్ని గడగడలాడించిన కాటకాసురుడు ఇతనే అంటే బయటివాళ్ళెవరూ నమ్మేవారు కాదు.

అదే ఇంట్లో మేమూ ఉండేవాళ్ళం. మా బాపు ఎడ్లబండి మీద మిర్యాలగూడ వైపు వడ్లు తోలేవాడు. ఇంట్లో ఉండే రోజులు తక్కువ. మా అమ్మ ఆ ఇంటి చిన్న కోడలు కాబట్టి పెద్దనాయన ఆమెకు బావ. తమ్ముడి భార్య బావ ఎదుట పడకూడదు, ఆయనతో మాట్లాడకూడదు. ఇది మా ఇళ్ళల్లో ఎవరూ నేర్పకుండానే అందరికీ వచ్చే చదువు. ఆయన నీళ్ళకు లేస్తే అమ్మ తలుపు వెనక్కి పోయేది. అన్నం పెద్దమ్మే వడ్డించాలి. ఏమైనా చెప్పాల్సి వస్తే మధ్యలో నన్ను నిలబెట్టి, "మీ పెద్దనాయన్ని సున్నం తెమ్మను" అని నాకు వినిపించేలా, ఆయనకూ వినిపించేలా అనేది. ఆయన నావైపు చూసి తల ఊపేవాడు. ఆమె కాపురానికి వచ్చి నేను ఇంత పిల్లనయ్యేదాకా ఆ ఇద్దరి మధ్య ఒక్క మాట నేరుగా నడవలేదు. ఆ పద్ధతిలో కోపం లేదు, ప్రేమ లేకపోవడమూ లేదు. అమ్మకు పత్యం పెట్టాల్సి వచ్చినప్పుడు బీరకాయలు ఎక్కడున్నా వెతికి తెచ్చేది ఆయనే.

ఇక కాటకాసురుడి సంగతి. ఆత్మకూరు నుంచి ఒక అయ్యవారు వచ్చి మా బజారు మగవాళ్ళకు యక్షగానం నేర్పించాడు. కథ చిన్నదే. కాటకాసురుడనే రాక్షసుడు వానలన్నింటినీ పట్టుకుపోయి గుహలో పెట్టి తాళం వేస్తాడు. తాళంచెవి మొలకు కట్టుకుంటాడు. యువరాజు వచ్చి యుద్ధం చేసి బాణం వేస్తాడు. రాక్షసుడు చస్తాడు, వాన కురుస్తుంది. యువరాజు వేషానికి పోటీపడ్డవాళ్ళు చాలామంది ఉన్నారు. రాక్షసుడి వేషం మాత్రం అందరూ వద్దనుకుంటే మా పెద్దనాయనకు వచ్చింది. వద్దనడం ఆయనకు రాదు కదా, తల ఊపాడు.

ఆట రోజున మా ఇంటి పద్ధతులే మారిపోయేవి. పెద్దనాయన తెల్లవారుజామునే తలస్నానం చేసి అరుగు మీదికి వచ్చేసేవాడు. మొహానికి రంగు పడ్డాక గడప లోపలికి రాకూడదు. పెద్దమ్మ జొన్న గట్క, మజ్జిగ అరుగు మీదికే తెచ్చి, పుట్టింటి చుట్టానికి పెట్టినట్టు మర్యాదగా పెట్టేది. అర్దళమనే పసుపుపచ్చ రాయిని నీళ్ళతో సాన మీద అరగదీసే పని నాది. మొహమంతా ఆ పసుపు పూసి, దీపపు మసితో కనుబొమలు దిద్ది, గొర్రె బొచ్చు మీసం అంటించి, పొనికి కర్రతో చేసిన భుజకీర్తులు కట్టేవారు. ఆ క్షణం నుంచి ఆయన్ను పేరు పెట్టి పిలవకూడదు, వరసలు కలపకూడదు. పిల్లా పెద్దా అంతా "అసురుడా" అనే అనాలి. పుంజు కూడా ఆ రోజు అరుగెక్కేది కాదు.

అప్పటికి రజాకార్ల గోల అణిగి, మిలిటరీ వాళ్ళు ఊళ్ళల్లో డేరాలు వేసుకుని ఉన్నారు. రాత్రిపూట నలుగురు ఒకచోట కూడితే ఎవరు మీరు, ఎందుకొచ్చారని గద్దించేవారు. అందుకని రాత్రంతా ఆడవలసిన ఆటను పట్టపగలు ఆడేవాళ్ళం. పొద్దు వాలే వేళకు యువరాజు బాణం వేసేవాడు. ఆట అక్కడితో అయిపోయినట్టని మీరనుకుంటే, మీరూ ఆ పంచె కట్టినవాడి చుట్టమే. అసలు ఆట అప్పుడే మొదలయ్యేది.

బాణం తగిలి పడ్డ రాక్షసుణ్ణి ఊరికే చావనిచ్చేవాళ్ళు కాదు. ఎలాగూ పోతున్నాడు, మనవి కూడా నాలుగు పట్టుకుపోతాడని ఆడవాళ్ళందరూ ముందుకు వచ్చేవారు. దాన్ని అప్పగింతలు అనేవాళ్ళం. పెళ్ళిలో పిల్లను అప్పగిస్తారే, అలాగే ఇక్కడ రోగాలు, బాధలు అప్పగించడం. రాక్షసుడు మోచేతి మీద లేచి, "ఏం తీస్కపోవాలె?" అని ఒక్కొక్కరినీ అడగాలి. మా ముసలామె దగ్గు తీస్కపో అసురుడా అని ఒకామె. మా బర్రె పొదుగు వాపు తీస్కపో అని ఇంకొకామె. ఇంటాయన తాగుడు, పిల్లల గజ్జి, కండ్ల కలక. చెప్పిన ప్రతిదానికీ ఆయన గుండె మీద చెయ్యి వేసుకుని "తీసుకున్న" అనాలి. ఒకసారి ఒక కొత్త కోడలు మా అత్తను తీస్కపో అంటే, "అది నాతోని గాదు బిడ్డా" అన్నాడు. సభంతా పడి పడి నవ్వింది, ఆ అత్తతో సహా. అడిగేవాళ్ళు మిగిలి ఉన్నంతసేపూ చావు వాయిదా. అందరివీ తీసుకున్నాకే ఆయన కన్ను మూసేవాడు.

సరిగ్గా ఇక్కడికి వచ్చాడు పత్రికాయన. బెజవాడ వైపు నుంచి వచ్చే ఒక వారపత్రికకు కోదాడ నుంచి రాసేవాడు. అయ్యవారు పొంగిపోయి, డాక్టరుగారింటి నుంచి కుర్చీ తెప్పించి ముందు వరసలో వేయించాడు. ఊరంతా చాపల మీద, ఈయనొక్కడు కుర్చీలో. ఆట జరుగుతున్నంతసేపూ ఆట చూడలేదు, రాక్షసుణ్ణి సోదా చేశాడు. పై వారం పత్రిక వచ్చింది. చాయ్ హోటల్లో ఒకాయన గట్టిగా చదువుతుంటే బజారంతా చెవులు రిక్కించి విన్నది. మా ఊరి పేరు అచ్చులో పడ్డందుకు ముందు సంతోషించారు. తరువాత తలలు దించుకున్నారు.

ఏమని రాశాడంటే, రాక్షసుడి మొహం మీద రంగు చెమటకు కారి గడ్డం దాకా వచ్చిందట, మీసం ఒక పక్క ఊడి వేలాడిందట. నడి ఎండలో నిలబడి గద కూడా తిప్పిన రాక్షసుడికి చెమట పోయకపోతే వింతగాని, పోస్తే వింతేమిటి? కుర్చీలో కూర్చుని గొడుగు వేసుకున్నవాడికి ఆ సంగతి తోచదు. రాక్షసుడి మెడలో దర్జీవాళ్ళ కొలత టేపు వేలాడుతున్నదట. ఇది నిజమే. పొద్దున ఎవరిదో లాగు కొలిచి తీయడం మరిచిపోయాడు మా పెద్దనాయన. కాని కృతయుగం రాక్షసులు మెడలో ఏం వేసుకునేవాళ్ళో ఈ మహానుభావుడు వెళ్ళి చూసి వచ్చాడా? వానల్ని కొలవడానికే ఆ టేపు వేసుకున్నాడని మేం పిల్లలం అనుకున్నాం. మాకు తట్టిన పాటి ఊహ ఆయనకు తట్టలేదు. రాక్షసుడు కోపం వచ్చినప్పుడల్లా "ఖామోష్", "ఠైరో" అని ఉర్దూ మాట్లాడాడట, ఆ యుగంలో ఉర్దూ ఎక్కడిదని నిలదీశాడు. అయ్యా, మా ఊళ్ళల్లో అధికారం చేతిలో ఉన్నవాడు వేరే ఏం భాషలో గద్దించాడు? పన్నుకు వచ్చినవాడు ఉర్దూ, జప్తుకు వచ్చినవాడు ఉర్దూ, కొట్టడానికి వచ్చినవాడు ఉర్దూ. వానలకు తాళం వేసినవాడు మాత్రం గ్రాంథికంలో గద్దించాలా? గద్దింపంటే ఏమిటో మా పెద్దనాయన విన్నంత దగ్గరగా ఆయన వినలేదు, అంతే.

రాక్షసుడి కళ్ళల్లో క్రౌర్యం చాలలేదని, మంచివాడిలా ఉన్నాడని ఇంకొక తప్పు. ఇది ఎవరో వచ్చి చెప్పినప్పుడు పెద్దమ్మ అరుగు మీంచి ఉమ్మేసింది. నిజమైన రాక్షసులు ఎలా ఉంటారో మా ఇంట్లో అందరికీ తెలుసు. వాళ్ళల్లో చాలామంది షేర్వాణీలు మా పెద్దనాయన దగ్గరే కుట్టించుకున్నారు. తీరైన మొహాలు, మెత్తటి చేతులు, అత్తరు వాసన. కళ్ళు తిప్పి కోరలు చూపించినవాడు ఒక్కడూ రాలేదు.

ఇవన్నీ ఒక ఎత్తు. చివరి మాట ఒక ఎత్తు. బాణం తగిలిన రాక్షసుడు వెంటనే చావక, సభలోని ఆడవాళ్ళతో పొద్దు గూకేదాకా ముచ్చట్లు పెట్టాడనీ, గుండెలో బాణమున్నవాడు బర్రె పొదుగు గురించి మాట్లాడటం సహజత్వానికి గొడ్డలిపెట్టనీ, ఈ చాదస్తాన్ని కత్తిరిస్తే తప్ప చదువుకున్నవారు ఈ ఆట చూడలేరనీ రాశాడు. చదువుకున్నవాళ్ళు చూడకపోతే వచ్చే నష్టమేమిటో రాయలేదు. చుట్టూ చంకల్లో పిల్లలతో అంతమంది నిలబడి ఎందుకు ఏడుస్తున్నారని పక్కన కూర్చున్న ముసలమ్మను ఒక్కమాట అడిగినా ఆమె చెప్పేది. అడగలేదు. అడిగితే చిన్నతనం.

అయ్యవారికి వణుకు పుట్టింది. పై ఆట కోదాడలో, ఆ తర్వాతది మిర్యాలగూడలో ఒప్పుకుని ఉన్నారు. కోదాడంటే పత్రికాయన సొంత ఊరు. అయ్యవారు మా అరుగు మీదికి వచ్చి, ఇకమీదట మీసం మైదా జిగురుతో అంటించాలని, ఉర్దూ ముక్క రాకూడదని, బాణం తగలగానే పడి కన్ను మూయాలని, అప్పగింతలు బంద్ అని చెప్పాడు. పెద్దనాయన పెదాల మధ్య సూదులున్నాయి. తల ఊపాడు. అయ్యవారు పోయాక పెద్దమ్మ, "ఆ పత్రికోని మాటకు నువ్వు సచ్చుడెందుకు, ఆన్నే సావుమనరాదు" అన్నది. దానికీ ఆయన తలే ఊపాడు.

ఆ రోజుల్లోనే మా తమ్ముడికి చలిజ్వరం పట్టుకుంది. వాడి పేరు నాగులు. అప్పుడప్పుడే గోడ పట్టుకుని నడుస్తున్నాడు. రోజు విడిచి రోజు మధ్యాహ్నం కాగానే వణుకు మొదలయ్యేది. బొంతలన్నీ కప్పి వాటి మీద నేను పడుకున్నా ఆ వణుకు నన్ను కూడా ఊపేది. దవాఖానకు తీసుకుపోయారు. చేదు మందు ఇచ్చారు. అది మింగించడానికి ముగ్గురం పట్టుకోవాలి, మింగినది మింగినట్టే బయటికి వచ్చేది. వాడి కళ్ళు పెద్దవయ్యాయి, మిగిలినదంతా చిన్నదైపోయింది. మా అమ్మ ఇంకెవరినీ ఏమీ అడగలేదు. కోదాడలో ఆట ఉందని ఆమెకు తెలుసు. కోదాడ ఆమె పుట్టిల్లు. అప్పగింతలు తీసేశారని మాత్రం ఆమెకు తెలియదు. అరుగు మీద మగవాళ్ళు మాట్లాడుకున్నది తలుపు వెనక పొయ్యి దాకా రాలేదు. పెద్దమ్మ చెప్పలేకపోయింది. పిల్లాణ్ణి భుజాన వేసుకుని, "అసురునికి అప్పజెప్తే పోతది" అని అమ్మ అంటుంటే, పెద్దమ్మ వాడి కాళ్ళకు నూనె రాస్తూ కూర్చుంది.

బొగ్గుతో నడిచే బస్సులో పోయాం. టాపు మీద రాక్షసుడి పెట్టె, మద్దెల, యువరాజు కిరీటం. ముందు సీట్లలో మగవాళ్ళు, వెనక అమ్మా, నేనూ, తమ్ముడూ. మునగాల దగ్గర బస్సు ఆగితే పెద్దనాయన దిగి, ముంతలో నీళ్ళు పట్టుకొచ్చి కిటికీలోంచి నా చేతికిచ్చాడు. నా చేతి నుంచి అమ్మ తీసుకుంది. తమ్ముడి పెదాలు తడిపింది. ఆయన అక్కడే నిలబడి అది చూశాడు. ఏదో చెప్పబోయి నావైపు చూశాడు. నాతో కూడా చెప్పలేదు.

కోదాడ ఆట పత్రికాయన కోరినట్టే సాగింది. నీట్‌గా సాగింది అని మా మనవడైతే అంటాడు. రాక్షసుడి మీసం కదల్లేదు. మెడలో టేపు లేదు. ఉర్దూ రాకుండా ఆచితూచి మాట్లాడుతుంటే మా పెద్దనాయన బడిలో పాఠం అప్పజెప్పేవాడిలా ఉన్నాడు. కుర్చీలోని ఆయన మాత్రం కాలు మీద కాలేసుకుని మెచ్చుకోలుగా తల పంకిస్తున్నాడు. పొద్దు వాలింది. యువరాజు బాణం వేశాడు. రాక్షసుడు పడ్డాడు. పడి కన్ను మూశాడు.

అమ్మ అప్పటికే లేచి ముందుకు పోయింది. ఆమె వెనక, అప్పగింతల సంగతి విని వచ్చిన కోదాడ ఆడవాళ్ళు, ఎవరి పిల్లలు వాళ్ళ చంకల్లో. అందరూ రాక్షసుడు మోచేతి మీద లేస్తాడని చూస్తున్నారు. అయ్యవారు మంగళం ఎత్తుకున్నాడు. మద్దెల ఆగిపోయింది. కుర్చీలోంచి చప్పట్లు వినపడ్డాయి. చప్పట్లు కొట్టినవాడు ఆయనొక్కడే. వెనక నుంచి మా అమ్మమ్మ, "ఇదేం చావయ్యా, మావి తీసుకోకుండానే పోతాడా? వీణ్ణి ఎవరు చంపమన్నారు ఇంత తొందరగా?" అని మొదలుపెట్టింది. ఏమీ పట్టుకుపోని రాక్షసుడు చచ్చినట్టు కాదని, ఊరి మీద పడతాడని ఆడవాళ్ళంతా అందుకున్నారు. అయ్యవారు చేతులు జోడించి, పత్రికలో వచ్చింది, చదువుకున్నవాళ్ళు వద్దన్నారు అని ఏదో సర్దిచెప్పబోయాడు. ఎవరూ వినలేదు.

ఆ గోలలోనే మా అమ్మ ఆట జరిగే మట్టిగద్దె ఎక్కింది. అది అరుగంత ఎత్తుంది. పడుకున్న రాక్షసుడి పక్కన కూర్చుంది. కొంగు తల మీద నుంచి జారిపోతే సర్దుకోలేదు. అసురుడా అని పిలవాలి. ఆమె అలా పిలవలేదు.

"బావా, లెవ్వుండ్రి" అన్నది. "పిలగాని జరం తీస్కపోండ్రి."

గోల అణిగిపోయింది. మా ఇంటి పద్ధతి తెలియనివాళ్ళు ఆ సభలో ఎవరూ లేరు. అందరి ఇళ్ళల్లో అదే పద్ధతి. పెద్దనాయన కళ్ళు తెరిచాడు. చచ్చిన రాక్షసుడు లేచి కూర్చున్నాడు. అమ్మ మొహం ఆయన అంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి అనుకుంటాను. చేతులు చాపి, "ఇటియ్యి తల్లీ" అన్నాడు. తమ్ముణ్ణి తీసుకుని గుండెకు ఆనించుకున్నాడు. అర్దళం పసుపు వాడి చెంపకు అంటింది. "తీసుకున్న" అన్నాడు. అది చాలదన్నట్టు మళ్ళీ అన్నాడు. ఆ తర్వాత కోదాడ ఆడవాళ్ళు ఒక్కొక్కరూ వచ్చారు. అందరివీ తీసుకుని, దీపాలు పెట్టే వేళకు గాని ఆయన చావలేదు. పత్రికాయన కుర్చీ అప్పటికి ఖాళీ అయింది.

ఇదేదో మహిమ కథ అని ఎవరైనా ఎదురుచూస్తుంటే ఇక్కడే ఆపేయవచ్చు. జ్వరం పోలేదు. మేం సూర్యాపేట చేరాక ఆ వారం దాటలేదు. ఒక మధ్యాహ్నం వణుకు వచ్చింది, తగ్గింది, వాడు మళ్ళీ కళ్ళు తెరవలేదు. మగవాళ్ళు వాణ్ణి తువ్వాలలో చుట్టి తీసుకుపోయి మట్టి కప్పి వచ్చారు. ఆ సాయంత్రమే హోటల్లోకి పత్రిక వచ్చింది. చచ్చిన రాక్షసుడు ప్రేక్షకురాలు పిలవగానే లేచి కూర్చోవడం కన్నా హాస్యాస్పదం నాటకచరిత్రలో లేదని, ఆ స్త్రీ ఎవరోగాని వేదికెక్కి రసభంగం చేసిందని రాశాడు. రసభంగం. ఆ మాటకు అర్థం తెలిసే వయసు వచ్చాక నేను టీచరునయ్యాను, నలభై ఏళ్ళు తెలుగు పాఠం చెప్పాను. ఆ ఒక్క మాట మాత్రం పిల్లలకు చెప్పేటప్పుడు నా నోట్లో చేదు ఊరేది. కళ్ళెదుట ఒక తల్లి చచ్చిపోయేటట్టున్న బిడ్డను ఎత్తుకుని నిలబడితే, వాడికి కనపడింది వేదిక మెట్టు.

ఇప్పుడు ఆ జాతి తామరతంపరగా పెరిగింది. ఆనాడు ఊరికి ఒక్క కుర్చీ ఉండేది, ఈనాడు ప్రతివాడి కింద ఒకటి ఉంది. అందరూ కూర్చున్నవాళ్ళే. విలన్ ఎంతసేపు మాట్లాడాడు, చొక్కా ముందు సీనులో ఏ రంగు, తరువాత సీనులో ఏ రంగు, ఇదే లెక్క. చంకలో బిడ్డతో ముందుకు నడిచి వచ్చి, పోయేవాడివి పోతున్నావు, మాదీ ఇంత పట్టుకుపో అని అడిగేవాళ్ళు ఒక్కరూ లేరు. అడగాలంటే నమ్మాలి. నమ్మితే నలుగురిలో నవ్వులపాలవుతామని భయం. మా అమ్మకు ఆ భయం లేదు. ఆమె నిశానీ వేసే మనిషి, పత్రికలో తన గురించి ఏం రాశారో మేం చదివి చెప్పలేదు కూడా.

తమ్ముడు పోయాక పెద్దనాయన మిషను ముట్టుకోలేదు. గోడవైపు తిరిగి అరుగు మీది నులకమంచంలో పడుకునే ఉన్నాడు. కుట్టుకు ఇచ్చిన గుడ్డలు ఎవరివి వాళ్ళు వచ్చి పట్టుకుపోయారు. పెద్దమ్మ ఎన్ని విధాల కదిలించినా, "తీసుకున్న అని అబద్దం చెప్పిన ఆ తల్లికి" అని ఒక్క మాటే అనేవాడు. మిర్యాలగూడ ఆట దగ్గరపడింది. అయ్యవారు వచ్చి, ఈసారి ఎట్లా చావాలో తర్వాత మాట్లాడుకుందాం, ముందు లేవమన్నాడు. వేరే ఎవరినన్నా చూసుకోమన్నాడు పెద్దనాయన. ఆ మనిషి నోటి నుంచి కాదన్న మాట రావడం నేను వినడం అదొక్కసారే. అయ్యవారు తలగోక్కుంటూ వెళ్ళిపోయాడు.

అప్పుడు అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచింది. నన్ను మధ్యలో నిలబెట్టుకోలేదు. తలుపు దాటి, గడప దాటి, అరుగు మీదికి వచ్చి మంచం ఎదుట నిలబడింది. బజారు పొడుగునా మనుషులున్నారు.

"జరం పోలేదు బావా. గది మీ చేతుల లేకుండె, దవాఖానోళ్ళ చేతుల గూడ లేకుండె" అన్నది. "నేను పిలిస్తె మీరు లేసిన్రు. నా పిలగాని కోసం ఇంకెవ్వలు లెవ్వలేదు. మిర్యాలగూడల గూడ పిల్లల తల్లులుంటరు. పోండ్రి."

పెద్దనాయన లేచి కూర్చున్నాడు. ఎండిపోయిన సాన కడిగి తెమ్మని నాకు చెప్పాడు.

మిర్యాలగూడకు మా బాపు బండి మీదే పోయాం. ఆ ఆటకు కూడా పత్రికాయన వచ్చాడు. ఆయనకు చివరి బస్సు అందాలని తొందర. యువరాజు బాణం వేయడంతోనే గడియారం చూసుకుని, గొడుగు సర్దుకుని వెళ్ళిపోయాడు. కాబట్టి తరువాత జరిగినది ఏ పత్రికలోనూ రాలేదు. రాక్షసుడు మోచేతి మీద లేచి "ఏం తీస్కపోవాలె?" అన్నాడు. మిర్యాలగూడ ఆడవాళ్ళు వరస కట్టారు. వాతపు నొప్పులు, కోరింత దగ్గు, రేచీకటి, పోయిన మొగుడి మీద బెంగ. అన్నిటికీ గుండె మీద చెయ్యి వేసుకుంటూ పోయాడు. ఆ వరస చివర మా అమ్మ నిలబడి ఉంది. చంకలో ఎవరూ లేరు.

ఆమె వంతు వచ్చింది. పెద్దనాయన అందరినీ అడిగినట్టే ఆమెనూ అడిగాడు.

"నాకేం లేదు బావా" అన్నది అమ్మ. "గిన్ని మోసుకొని ఒక్కలే పోతున్నరని వచ్చిన."

అని ఆయన తల దగ్గర కూర్చుంది. ఆ తర్వాత ఆయన చావడానికి చాలాసేపు పట్టింది.